డొక్క కింద సముద్రం

పురుగుల్లో కొన్నిటికి మన కవులు ఎప్పుడో పీట వేశారు. తుమ్మెద లేకుండా ప్రబంధం నడవదు. మిణుగురుకు చీకటి రాత్రి వర్ణనలో చోటుంది. తొలకరికి నేల మీద కనబడే ఎర్రటి ఆరుద్ర పురుగు ఇంద్రగోపమన్న పేరుతో కావ్యాల్లోకి ఎక్కింది. ఒకదానికి నాదం, ఒకదానికి వెలుగు, ఒకదానికి రంగు. కోనసీమ కొబ్బరితోటలో కాయ ఒలిచాక పడేసిన, నానిపోయిన డొక్కను కాలితో దొర్లిస్తే కింద కకావికలయ్యే బూడిదరంగు పురుగులకు ఈ మూడింటిలో ఏదీ లేదు. అందుకే వాటిని ఎవరూ పాడలేదు. చూసినవాళ్ళు ముఖం చిట్లించి డొక్కను మళ్ళీ తన్నేస్తారు.

పుస్తకాల్లో దీన్ని వుడ్‌లౌస్ అంటారు. పురుగు అని అలవాటు కొద్దీ అంటున్నాం గాని ఇది కీటకం కాదు. రొయ్య, పీతల వంశం. అలంకారశాస్త్రం లెక్కన దీన్ని చూడగానే పుట్టేది జుగుప్స, అంటే బీభత్సానికి స్థాయీభావం. అయితే నాలుగు నిమిషాలు చతికిలబడి చూస్తే ఆ స్థాయి నిలవదు. జుగుప్స పోయి విస్మయం కుదురుకుంటుంది. బీభత్సం అద్భుతమవుతుంది. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు ఒక గ్రంథమే రాశాడు. ఆ కొలబద్దతో చూస్తే ఈ జీవి గొప్ప రచన. దీని ఒంట్లో ఏ భాగమైనా, దీని నడతలో ఏ అలవాటైనా ఒకే వస్తువు చుట్టూ అల్లుకుని ఉంటుంది: నీటి ప్రాణి నేల మీద తడి పోగొట్టుకోకుండా బతకడం ఎలాగ?

ఈ వస్తువుకు కోనసీమకన్నా తగిన రంగస్థలం దొరకదు. గౌతమికీ వశిష్ఠకూ నడుమ, వైనతేయ పాయ చీల్చుకుపోతుండగా, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మీద నిలబడ్డ సీమ ఇది. ఇక్కడి నేలే నీళ్ళలోంచి లేచింది. అమలాపురం, అంబాజీపేట, కొత్తపేట చుట్టుపక్కల కొబ్బరితోటలోకి అడుగుపెట్టి తల పైకెత్తకుండా నేల కేసి చూడండి. పైన మట్టల పందిరి, దాని కింద అరటి, కోకో, కంద, పసుపు. ఎండ ఎక్కడా నేరుగా నేలను తాకదు. చిల్లులు పడి, వంతులవారీగా తాకుతుంది. కింద రాలిన మట్టలు, ఒలుపు అయ్యాక మిగిలిన డొక్కలు, నరికి పడేసిన అరటి బోదెలు, బిరుసుగా చప్పుడుచేసే కోకో ఆకులు. బోదె కాలువల్లో నీళ్ళు పారినా పారకపోయినా ఈ పరుపు కింద తడి ఆరదు. అడవి లేని సీమకు ఇదే అడవి నేల.

ఈ నేలలో తరచు కనబడే ఆకారాలు రెండు. మొదటిది వీపు బాగా వంపు తిరిగినది, ముట్టుకుంటే ఉండ చుట్టుకునేది. ఉష్ణదేశాలన్నిటా పరుచుకున్న క్యూబారిస్ మురీనా ఈ తీరుదే. రెండోది కాస్త చదునైనది, పరుగుకు పుట్టినది, ఒంటి మీద నీలి విభూతి పూసుకున్నట్టుండేది; పెంటకుప్పల్లో, ఎరువు గోతుల్లో మనిషి వెంట ప్రపంచమంతా తిరిగిన పోర్సెలియోనైడిస్ ప్రుయినోసస్ ఆ తరహాది. ఆ పూత వేలు తగిలితే రాలిపోతుంది. రెండు జాతులకూ పేరు పెట్టినవాడు ఒక్కడే, జర్మనీలో పుట్టి రష్యాలో పనిచేసిన ప్రకృతిశాస్త్రవేత్త బ్రాంట్; సంవత్సరం కూడా ఒక్కటే, 1833. రెండూ సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటాయి.

వీటి చుట్టాలెవరో తెలిస్తే ఆ సెంటీమీటరుకు బరువొస్తుంది. ఐసోపాడ్‌లనే ఈ వంశంలో చాలామంది ఇప్పటికీ నీళ్ళలోనే ఉన్నారు. బంగాళాఖాతం అడుగున చీకట్లో తిరిగే బాతినోమస్‌లు ఇవే పలకలు, ఇవే కాళ్ళు వేసుకుని చేతి పొడవుకు పెరుగుతాయి. కొన్ని రకాలు చేప నోట్లో కాపురం పెట్టి, దాని నాలుకను తినేసి నాలుక స్థానంలో కూర్చుంటాయి. రాతి తీరాల్లో అలల అంచున పరుగెత్తే లిజియా అటు సముద్రానికీ ఇటు నేలకూ మధ్య ఇంకా తేల్చుకోలేదు. ఒక్క శాఖ మాత్రం పూర్తిగా గట్టెక్కింది. ఆ శాఖలో ఇప్పటికి 3,500కు పైగా జాతులు తెలుసు. నేల మీద తిరిగే పీతల్లో చాలా రకాలు పిల్లల కోసం మళ్ళీ సముద్రానికి దిగాల్సిందే. వుడ్‌లౌస్ దిగదు. సముద్రంలో కావలసినంత భాగాన్ని ఒంటితో పాటు తెచ్చేసుకుంది. రాజోలు వైపు చెరువుల్లో పెరిగే రొయ్యకూ, అక్కడే గట్టు మీది కొబ్బరి మొదట్లో దాగిన దీనికీ చుట్టరికం దూరమే గాని, రొయ్యను ఒలిచిన చేతికి ఈ పలకల వరస కొత్తగా అనిపించదు.

ఇక దగ్గరికి వెళ్దాం. ముసురు పట్టిన రోజున, రెండేళ్ళుగా పడి ఉన్న ఒక డొక్కను మెల్లగా పైకి లేపాలి. లోపలి వైపు పీచు మెత్తబడి, పొట్టు నల్లగా తడిసి ఉంటుంది. వానపాముల మట్టి పేలికలు, తెల్లటి బూజు దారాలు, ఒక రోకలిబండ చుట్ట. వెలుతురు పడగానే బూడిదరంగువి పరుగందుకుంటాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని పదింతలు పెద్దది చేసే చేతి భూతద్దంలో చూస్తే మొదట ఆకట్టుకునేది నడక. తల వెనక ఏడు పలకలు, ఒక్కో పలకకు ఒక్కో జత కాళ్ళు, మొత్తం పద్నాలుగు. రొయ్యకున్నట్టు ఒకటి ఈతకు, ఒకటి నడకకు, పీతకున్నట్టు ఒకటి పట్టుకు అన్న పంపకం లేదు. పద్నాలుగూ ఒకే తీరు. వేటికవే లేచి పడుతున్నా చూపుకు కాళ్ళు కనబడవు. ఒళ్ళంతా ఒక అల నడుస్తుంది. తాళం ఎక్కడా వినబడకుండా లయ మాత్రం కనబడే నాట్యమిది. ముందు రెండు మీసాలు మోచేయి వంచినట్టు వంగి నేలను తడుముతుంటాయి. దారిలో అడ్డొస్తే, కిందటి మలుపు కుడికి తిరిగి ఉంటే ఈసారి ఎక్కువగా ఎడమకే తిరుగుతుంది. రెండు మలుపుల తర్వాత కూడా బయల్దేరిన దిక్కు చెడదు. పారిపోయే జీవికి దిక్కు చెడకపోవడమే కావాలి.

అదే జీవిని వెల్లకిలా తిప్పి చూడండి. పై ముఖంలో దాచుకున్నదంతా కింద బయటపడుతుంది. తోక వైపు ఆకుల్లా ఒకదాని మీద ఒకటి సర్దిన పలుచని రేకులు. అవి ఒకప్పటి మొప్పలు. ఇప్పటికీ తడిగా ఉంటేనే పనిచేస్తాయి. వాటి మీద తెల్లటి మచ్చలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఆ తెలుపు రంగు కాదు, గాలి. రేకు లోపల సన్నని గొట్టాలు కొమ్మలు వేసి గాలి నింపుకోవడం వల్ల వెలుతురు విరిగి అలా తెల్లగా కనబడుతుంది. కొన్ని జాతుల్లో ఇలాంటి ఊపిరి రేకులు రెండు జతలు, కొన్నిట్లో ఐదు. పాత మొప్పను పారేయకుండా, దాని మీదే కొత్త ఊపిరితిత్తిని కట్టుకున్న తీరు అది. ఏ కవి అయినా పాత ఛందస్సులో కొత్త భావం చెప్పినప్పుడు మనం మెచ్చుకునేది ఇలాంటి నేర్పునే.

ఇంకొంచెం శ్రద్ధగా చూస్తే రసపట్టున్న అసలు చోటికి వస్తాం. కీటకాలకున్నట్టు నీరు పోనివ్వని గట్టి మైనపు పూత దీని చర్మానికి లేదు. ఎండలో పెడితే ఆరిపోతుంది. మరి ఈ లోపాన్ని ఎలా దిద్దుకుంది? ఒంటి అడుగున సన్నని పొలుసుల నడుమ కాలువలు ఉన్నాయి. తల దగ్గర గ్రంథులు వదిలిన ద్రవం ఆ కాలువల వెంట తోక దాకా పారుతుంది. ఆ ద్రవంలోని వ్యర్థం అమోనియా వాయువుగా గాలిలోకి పోతుంది. మిగిలిన నీరు మొప్పరేకులను తడిపి, మలద్వారం గుండా మళ్ళీ ఒంట్లోకి చేరుతుంది. పాత కోనసీమ మండువా లోగిలి తలుచుకోండి: పడ్డ వాన బయటికి పోకుండా నాలుగు వైపులా కప్పు లోపలికి వాలి, నీళ్ళన్నీ నడిమి మండువాలోకే దిగుతాయి. ఆ వాస్తు ఇక్కడ ఒక ప్రాణి ఒంట్లో ఉంది. నేల జీవులు చాలావరకు అమోనియా విషాన్ని యూరియాగానో యూరిక్ ఆమ్లంగానో మార్చుకోవడానికి శక్తి ఖర్చుపెడతాయి. ఇది ఆ ఖర్చు పెట్టుకోదు. విషాన్ని గాలికి వదిలేసి, నీటిని ఉంచుకుంటుంది. దాహమేస్తే నోటితో తాగుతుంది, తోక చివరి రెండు ముళ్ళను తడికి ఆనించి వెనక నుంచి కూడా లాక్కుంటుంది. దీని నెత్తురులో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, రొయ్యలోలాగే. గోదావరి మట్టి మీద తిరుగుతున్నా ఒంట్లో పారేది సముద్రపు వారసత్వమే.

తల్లి కథ వేరే రసం. ఆడదానికి గుడ్లు పెట్టే కాలం రాగానే ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ కుబుసంతో పొట్ట కింద కాళ్ళ మొదళ్ళ నుంచి పలుచని రేకులు పుట్టుకొచ్చి, అంచులు కలిసి ఒక సంచి ఏర్పడుతుంది. సంచి నిండా ద్రవం. గుడ్లు ఆ నీళ్ళలోనే పొదగబడతాయి, పిల్లలు ఆ నీళ్ళలోనే కళ్ళు తెరుస్తాయి. తల్లి ఒంటి నుంచి ఆ ద్రవంలోకి దిగిన కండ పోగులు పిల్లలకు పోషణ అందిస్తాయి. సముద్రానికి వెళ్ళలేని ఇల్లాలు సముద్రాన్ని ఒడిలో కట్టుకుందన్నమాట. సంచి విడిపోయాక బయటికొచ్చే పిల్లలు పాలమీగడ రంగులో, సూది మొనంత ఉంటాయి. కాళ్ళు పన్నెండే. ఏడో జత తర్వాత వచ్చే కుబుసాలతో వస్తుంది. పన్నెండు కాళ్ళతో, ఇంకా గట్టిపడని పలకలతో తడి పొట్టు మీద అవి నడుస్తుంటే, అద్భుతానికి అంగంగా కరుణ వచ్చి కూర్చుంటుంది.

కుబుసం మాట వచ్చింది గనుక దాని దగ్గర ఆగాలి. పాము ఒకేసారి విడుస్తుంది. పీత కూడా ఒకేసారి విడిచి, కొత్త డిప్ప గట్టిపడేదాకా నిస్సహాయంగా దాక్కుంటుంది. వుడ్‌లౌస్ రెండు భాగాలుగా విడుస్తుంది. ముందుగా వెనక సగం, కొన్ని రోజుల తర్వాత ముందు సగం. ఆ మధ్య రోజుల్లో దొరికితే ఒకే ప్రాణిలో ఇద్దరు కనబడతారు: వెనక సగం లేతగా కొత్తగా, ముందు సగం పాతగా బూడిదగా. విడవడానికి ముందు పాత డిప్పలోని సున్నాన్ని కరిగించి, ముందు భాగం అడుగున తెల్లటి పలకలుగా నిల్వ పెట్టుకుంటుంది. వెనక సగం విడిచాక, అక్కడి కొత్త డిప్పను గట్టిపరచడానికి అవి పనికొస్తాయి. విడిచిన కుబుసాన్ని తినేస్తుంది. ఒక్క క్షణం కూడా పూర్తిగా మెత్తబడదు, ఒక్క రవ్వ కూడా వృథా పోదు. కొత్తపేటకు దగ్గర్లో ర్యాలి గుడికి వెళ్ళినవారికి అక్కడి విగ్రహాన్ని చూసే పద్ధతి తెలుసు. ముందు నుంచి కేశవస్వామి, వెనక్కి నడిచి చూస్తే అదే రాతిలో జగన్మోహిని. ముందు వైపు చూసి వచ్చేసినవాడికి సగం శిల్పమే దక్కుతుంది. ప్రదక్షిణగా చూడడం రసజ్ఞత అని ఆ గుడి నేర్పుతుంది. ఈ చిన్న ప్రాణికీ ఆ చూపే కావాలి.

ఉండ చుట్టుకోవడం పిల్లలు కూడా ఎరిగిన సంగతే, కానీ దాని నైపుణ్యం ఎంత చెప్పినా తక్కువే. వేలు తగలగానే తలా తోకా కలిసి, పలకల అంచులు ఒకదాని కిందికి ఒకటి సరిగ్గా జారి, మీసాలు లోపలికి మడుచుకుని గుండు తయారవుతుంది. చీమకు పట్టు చిక్కదు. అదే సమయంలో తడి మొప్పలు లోపలే ఉండిపోవడంతో నీరు కూడా ఆరదు; కవచమూ కుండా ఒకటే అయ్యాయి. విప్పుకోవడం మరీ బాగుంటుంది. గుండు మీద చిన్న చీలిక పడుతుంది. అందులోంచి ఒక మీసం కొస బయటికొచ్చి గాలిని అడుగుతుంది. జవాబు నచ్చకపోతే మళ్ళీ మూత పడుతుంది. నచ్చితే కాళ్ళు గాల్లో ఆడి, ఒక్క కుదుపుతో బోర్లాపడి, ఏమీ జరగనట్టు నడక మొదలవుతుంది. భయానికీ ధైర్యానికీ మధ్యన ఉండే సంశయాన్ని అభినయించడానికి నటులు ఏళ్ళు సాధన చేస్తారు.

గుంపుగా చేరడంలో కూడా ఇదే సూత్రం. డొక్క కింద ఇవి ఒకదానికొకటి ఒరుసుకుని కుప్పగా ఉంటాయి. షికాగోలో డబ్ల్యు.సి.అలీ 1926లో ఈ గుంపుల మీద రాసిన పరిశోధన జంతుప్రవర్తన శాస్త్రంలో పేరున్నది. కలిసి ఉన్నవి విడిగా ఉన్నవాటికన్నా నెమ్మదిగా నీరు పోగొట్టుకుంటాయి. పక్కవాడి తడి తన తడికి కాపలా. మరి తడిచోటును కన్ను పనిచేయని చీకట్లో ఎలా కనుక్కుంటాయి? ఇంగ్లండులో డి.ఎల్.గన్ 1937లో ప్రచురించిన ప్రయోగాలు దీని గుట్టు విప్పాయి. పొడిగాలిలో ఇవి వేగంగా, ఎక్కువసేపు తిరుగుతాయి. తడిగాలిలో నెమ్మదించి ఆగిపోతాయి. ఇంతే. ఎక్కడికి వెళ్ళాలో ఏ ఒక్కదానికీ తెలియదు. అయినా కాసేపటికి అన్నీ తడిలోనే చేరి ఉంటాయి. ఇంత చిన్న నియమంలోంచి ఇంత చక్కని ఫలితం రావడం చూస్తే, నాలుగు పాదాల పద్యంలో ఒక జీవితం పట్టినప్పటి సంతోషం కలుగుతుంది.

రంగు లేదని మొదట్లో అన్నాను. అప్పుడప్పుడు వస్తుంది, భయంకరంగా. ప్రపంచంలో చాలాచోట్ల వుడ్‌లౌస్‌ల గుంపుల్లో ఒకటీ అరా నీలమణిలా, వంగపువ్వు రంగులో మెరుస్తుంటాయి. అది ఇరిడోవైరస్ తెచ్చే జబ్బు. కణాల లోపల వైరస్ రేణువులు స్ఫటికంలా వరసకట్టి పేరుకుంటే, వాటిని తాకిన వెలుతురు నీలమై తిరిగొస్తుంది. అలా మెరిసినది ఎక్కువ రోజులు బతకదు. కంటికి నచ్చే ఆ నీలం ఈ రచనకు బయటి వర్ణం, దీనికి నప్పదు. ఆరోగ్యమైన బూడిదరంగే కుళ్ళిన పీచు మీద, తడిమట్టి మీద సరిపడిన రంగు. ఆడంబరాన్ని చూసి మురిసే కన్నుకు ఇంతకన్నా మంచి హెచ్చరిక లేదు.

తోట రైతు ఒక ప్రశ్న అడుగుతాడు, అడగాలి కూడా: చెత్త ఉంచితే కొమ్ముపురుగు చేరదా? చేరుతుంది. కుళ్ళిన కొబ్బరి మాను, పేడకుప్ప కొమ్ముపురుగు పిల్లలకు పుట్టినిల్లు. అందుకే పడిపోయిన మానును తోటలో ఉంచొద్దని అధికారులు చెబుతారు. ఆ మాట నిజం. కానీ మానూ ఆకూ ఒకటి కాదు. రాలిన కోకో ఆకు, అరటాకు, చిన్న పీచు ముక్క వుడ్‌లౌస్ తిండి. అవి కూడా పచ్చిగా ఉంటే దీనికి గిట్టవు. బూజు పట్టి మెత్తబడ్డాకే నోరు పెడుతుంది. నమిలి పొడిచేసి చిన్న చిన్న రెట్టలుగా వదులుతుంది. వాటిని మళ్ళీ తానే తిని, మొదటిసారి తప్పిపోయిన సారాన్ని తీసుకుంటుంది. అక్కడి నుంచి సూక్ష్మజీవుల పని సులువవుతుంది. నారుమడిలో లేత మొక్కల్ని ఎప్పుడైనా కొరికినా, నిలిచి కాసే కొబ్బరిచెట్టుకు దీనివల్ల హాని లేదు. పాదుల్లో ఆకులకు నిప్పు పెట్టే అలవాటు మాత్రం ఈ రంగస్థలాన్ని ఒక్క పూటలో బూడిద చేస్తుంది.

ఉపయోగం చెప్పాను గాని రసానికి అది కారణం కాదు. ఈ జీవి మనకు పనికిరాకపోయినా ఇంతే అందంగా ఉండేది. మొప్ప, సంచి, కాలువ, కుబుసం, గుండు, గుంపు: ఇన్ని అంగాలూ ఒక్క అంగికి లొంగి, ఎక్కడా ఒక్క పాదపూరణం కూడా లేకుండా సాగిన రచన అరుదు. చూడాలనుకునేవాళ్ళకు మృగశిర తర్వాత ముసుర్లు పట్టిన రోజులూ, మార్గశిరంలో మంచు కురిసే పొద్దులూ మంచివి. రోహిణిలో వెతికితే అవి లోతుకు దిగిపోయి ఉంటాయి. డొక్కను మెల్లగా ఎత్తండి, ఊపిరి బిగబట్టి నాలుగు నిమిషాలు చూడండి, ఆ తర్వాత ఎలా ఉన్నదాన్ని అలాగే, అదే వైపుకు, అదే గుంటలోకి బోర్లించండి. మీరు చూసిన అందమంతా ఆ కింది తడి మీద ఆధారపడి ఉంది, గాలి తగిలితే అది ఎంతోసేపు ఆగదు.